పేరు ఒక్కటే గుర్తుంటే చాలా?

నిద్ర రావట్లేదు, రాసేస్తే పోతుంది. సాయంత్రం మనవడి జీకే మెటీరియల్ తిరగేశా, సైనిక్ స్కూల్ ఎంట్రన్స్‌ది. "ఆర్మీ చీఫ్ అయిన తొలి తెలుగువాడు: జనరల్ కె.వి. కృష్ణారావు" అని ఒక్క లైను, కిందన ఇంకేదో బిట్టు. ఈయనేం చేశాడమ్మమ్మా అన్నాడు వీడు. మీ సార్ చెప్పలేదా అంటే, పేరు గుర్తెట్టుకుంటే చాలు మిగతాది పరీక్షలో రాదు అన్నారట. ఒళ్ళు మండిపోయింది. కోరుకొండ సైనిక్ స్కూల్లో సీటు కోసం చదివిస్తూ పిల్లలకి సైన్యం గురించి చెప్పేది ఇదేనా!

1942లో మహర్ రెజిమెంట్‌లో ఆఫీసరుగా చేరాడాయన. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా, తర్వాత 1947-48లో కశ్మీర్, 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో ఎనిమిదో మౌంటెన్ డివిజన్‌ని సిల్హెట్ వైపు నడిపించాడు, 1975లో సైన్యం ముందుముందు ఎలా ఉండాలో తేల్చే కమిటీకి పెద్ద. చీఫ్ అయ్యేసరికి 1981. ముప్పై తొమ్మిదేళ్ళ సర్వీసు అది, ఒక బిట్టులో కుక్కేశారు.

ఆయన చీఫ్ అయిన ఆ ఎండాకాలం, సైన్యంలో ఉన్న మా నాన్న లీవులో ఉన్నారు. గంటస్తంభం దగ్గర పేపరు కొనుక్కొచ్చి అరుగు మీద అందరికీ చదివి వినిపించి, మేం ఆడుకుంటున్న చింతపిక్కలు లాక్కుని వరసగా పది పేర్చారు. సెకండ్ లెఫ్టినెంట్, లెఫ్టినెంట్, కెప్టెన్, మేజర్... ఒక్కోటీ గోటితో ముందుకి జరుపుతూ, ఇక్కడ చాలామంది ఆగిపోతారు, ఇక్కడ ఇంకా ఎక్కువమంది, అంటూ చివరి పిక్క దగ్గరకొచ్చి జనరల్ అన్నారు, గొంతు మారిపోయింది. మరి నువ్వేదీ నాన్నా అన్నాను. నేనీ వరసలో లేనమ్మా అని ఇంకో పిక్క తీసి కిందన విడిగా పెట్టారు. హవల్దార్. ఏ మాత్రం చిన్నబుచ్చుకోలేదు.

ఇది టైప్ చేశాక కోపం కాస్త అటు తిరిగింది. జనరల్ గారికి ఒక లైనైనా ఉంది, నాన్నలాంటోళ్ళకి అదీ లేదు కదా. ఆ సార్ మాత్రం ఏం చేస్తారు, ఉన్న టైములో లెక్కలు చెప్పాలా జీకే చెప్పాలా. అయినా సరే, ఒక్క ముక్క చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? 1983లో రిటైరయ్యాక కూడా ఆయన ఊరుకోలేదు, నాగాలాండ్, మణిపూర్, త్రిపురలకి గవర్నరు, తర్వాత జమ్మూ కశ్మీర్‌కి. 1995 జనవరి 26న జమ్మూ పరేడ్‌లో ఆయన మాట్లాడుతుంటే బాంబులు పేలాయి, జనం చనిపోయారు, ఆయన బయటపడ్డారు. ఇది చెప్పగానే వీడు పుస్తకం మూసేసి దగ్గరకొచ్చి కూర్చున్నాడు, ఇంకా చెప్పు ఇంకా చెప్పు అని. సిల్హెట్ ఎక్కడుందో మ్యాపులో వాడే వెతికాడు, అది మాత్రం భలే సంతోషమేసింది.

వాళ్ళమ్మ ఫోన్ చేసి, యుద్ధాలూ బాంబులూ వాడి బుర్రకెక్కించకమ్మా నాకు భయం, అంది. మరి సైనిక్ స్కూలుకి ఎందుకు రాయిస్తున్నావే అన్నాను. చదువు బాగుంటుందని, అంది. రేపు సిల్హెట్ సంగతి మిగతాది చెప్తానని వాడికి మాటిచ్చేశాను, చెప్పే తీరతా.