ఎలెన్ క్లార్క్ పేరు పెట్టిన జీవి కోసం

ఆస్ట్రేలియాలోని జీలాంగ్‌లో రాత్రి ఎక్కిన ఓడ తెల్లవారేసరికి టాస్మేనియా దీవి ఉత్తర తీరంలోని డెవన్‌పోర్ట్ చేర్చింది. తోటి ప్రయాణికులు చాలామంది క్రేడిల్ కొండకు బయలుదేరారు. మేము పడమరకు తిరిగి, వినియార్డ్ మీదుగా ఫ్లవర్‌డేల్ ఏటికి వెళ్లాం. ఒక రొయ్యను చూడటానికి ఇంత దూరమా అని అక్క దారంతా సణుగుతూనే ఉంది.

రొయ్య కాదు, క్రేఫిష్; పెద్ద గోళ్లుండే, రొయ్యకు చుట్టమైన మంచినీటి జీవి. మన గోదావరిలో నీలకంఠ రొయ్యలు ఉన్నాయి కానీ, భారతదేశపు నదుల్లో సహజంగా పుట్టిన క్రేఫిష్ జాతి ఒక్కటీ లేదు. ఇక్కడిదేమో మంచినీటిలో బతికే వెన్నెముక లేని జీవులన్నిటిలోకీ పెద్దది. ఆరు కిలోలు తూగినవి కూడా ఒకప్పుడు దొరికాయంటారు. శాస్త్రీయ నామం అస్టకాప్సిస్ గౌల్డి. దాని పక్కన, ఆ పేరు పెట్టినవారి గుర్తుగా, ‘క్లార్క్, 1936’ అని రాస్తారు. ఆ క్లార్క్ కోసమే నా ప్రయాణం.

ఎలెన్ క్లార్క్ ఆ ఏడాది మెల్‌బోర్న్‌లోని జాతీయ మ్యూజియం పత్రికలో ఆస్ట్రేలియా క్రేఫిష్‌లను వర్గీకరిస్తూ పెద్ద వ్యాసం ప్రచురించారు. దారానికి మాంసం ముక్క కట్టి అక్కడి పిల్లలు చెరువుల్లో పట్టే యాబీ అనే క్రేఫిష్‌కి శాస్త్రీయ నామం పెట్టిందీ ఆవిడే. 1941లో ముళ్ల క్రేఫిష్‌ల వర్గీకరణను తిరగరాశారు. మరుసటి ఏడు శాస్త్రవేత్త మెక్‌ఫార్లేన్ బర్నెట్‌తో కలిసి, ఏ జీవి దేనికి దగ్గరి చుట్టమో రక్త పరీక్షలతో తేల్చవచ్చా అని చూశారు. డీఎన్ఏ పరీక్షలు లేని కాలంలో ఎంత చురుకైన ఆలోచన! 1960లో నోబెల్ అందుకున్న బర్నెట్ పేరు పాఠ్యపుస్తకాలకెక్కింది. ఈవిడ పేరు వినియార్డ్‌లో నేను కదిపినవారెవరూ వినలేదు. నాకది మింగుడుపడలేదు.

ఏటి ఒడ్డున ఫెర్న్ చెట్ల నీడ. నీరు చల్లగా, టీ డికాక్షన్ రంగులో ఉంది. మునిగిన దుంగ పక్కన చాలాసేపు కళ్లప్పగించి చూశాక, నల్లటి గోళ్లు రెండు ముందుకు వచ్చాయి. వెనకాలే జానెడు శరీరం. కుళ్లిన చెక్కను నింపాదిగా గీకి తింటోంది. ఇంకా పసిదే. ఆడది మొదటిసారి గుడ్లు పెట్టడానికే దాదాపు పద్నాలుగేళ్లు పడుతుంది. పెద్దవాటిని పట్టి తినేస్తే నది ఎందుకు ఖాళీ కాదు? 1998లో వేటను నిషేధించారు. అయితే కొంత దిగువన పొలాల కోసం గట్టు మీది చెట్లు కొట్టేసిన చోట నీరంతా ఒండ్రు. అక్కడ ఒక్కటీ కనిపించలేదు.

“ఇంతకీ రుచి ఎలా ఉంటుందట?” అంది అక్క, కారెక్కుతూ.