రెండో రోజు కాళ్ల కోసం

బ్రెవే అనే దూర సైకిల్ యాత్రలో విజేతలు ఉండరు, గడువు మాత్రం ఉంటుంది. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 600 కిలోమీటర్లకు 40 గంటలు. తిండి, నిద్ర, పంక్చర్లు అన్నీ ఆ గంటల్లోనే. ఫ్రాన్స్‌లో నాలుగేళ్లకోసారి జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్ అయితే 1200 కిలోమీటర్లు, 90 గంటలు. అంత దూరం నా చూపు ఇంకా పోలేదు. ముందు 600 పూర్తి చేయాలి. దానికి సాధనగా విశాఖపట్నం నుంచి అరకు, పాడేరు, లంబసింగి, నర్సీపట్నం, అనకాపల్లి మీదుగా చుట్టి రావాలని నేనూ మిత్రుడూ బయల్దేరాం.

హైవే మీద ఒక్క రోజులోనే బోలెడు దూరం తొక్కవచ్చు కదా, ఈ కొండలెందుకు అని చాలామంది అడిగారు. తొక్కవచ్చు. కానీ తొక్కి ఇంటికొచ్చి పడుకుంటే మర్నాడు కాళ్లు ఎలా ఉన్నాయో మంచానికి తెలుస్తుంది గాని సైకిలుకు తెలియదు. నాకు కావలసింది ఆ రెండో రోజు కాళ్లే.

పెందుర్తి, కొత్తవలస దాటి ఎస్.కోట (శృంగవరపుకోట) దాకా దారి దాదాపు చదును. మాట్లాడుకుంటూ తొక్కగలిగినంత వేగమే ఉండాలని ముందే అనుకున్నాం. ఆయాసంతో మాట తెగిందంటే వేగం ఎక్కువైనట్టే. గుండె వేగం కొలిచే పట్టీ కూడా కట్టుకున్నాను గాని, మిత్రుడి కబుర్లు అంతకంటే నమ్మకమైన కొలత. అవి ఆగితే గేరు తగ్గించడమే.

బొడ్డవర తర్వాత ఘాట్ మొదలవుతుంది. ముందు 34 పళ్లు, వెనక 32 పళ్ల గేరు వేసుకుని, నడకకు కాస్త పైవేగంతో మలుపు తర్వాత మలుపు ఎక్కాం. కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం ఈ కొండల్లోనే సాగుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన ఆ లైను కొండలను సొరంగాలతో తొలుచుకుపోతే, రోడ్డు మాత్రం ప్రతి కొండనూ చుట్టి వెళ్లాల్సిందే. ఇంజన్ల మూలుగు ఎక్కడో చెట్ల వెనక వినిపిస్తుంది, రైలు కనిపించదు.

అనంతగిరికి ముందు వెదురు బొంగులో చికెన్ కాల్చే దుకాణాల వరుసలో నీళ్ల కోసం ఆగాం. దుకాణంలోని పెద్దావిడ మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"బస్సు దొరకలేదా బాబూ?"

"దొరుకుతుందమ్మా. కావాలనే తొక్కుతున్నాం."

"ఎవరైనా డబ్బులిస్తారా?"

"లేదమ్మా, పందెం రోజున మేమే ఫీజు కట్టాలి."

ఆవిడ ఇక ఏమీ అడగలేదు. నీళ్ల డబ్బులు కూడా తీసుకోలేదు. జాలిపడి ఉంటుంది.

పైకి పోయేకొద్దీ సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, నీడలో కాఫీ మొక్కలు. కారులో వెళ్లినప్పుడు ఈ తోటలు కిటికీ పక్క నుంచి పరుగెత్తేవి. ఈసారి ఒక్కో చెట్టూ నింపాదిగా వచ్చి నింపాదిగా పోయింది. గాలికొండ దగ్గర సముద్ర మట్టానికి వెయ్యి మీటర్లకు పైనే ఉంటాం. ఉదయం ఆ మట్టం దగ్గరే బయల్దేరామన్నది తొడలకు బాగా గుర్తుంది.

అరకులో రాత్రి బాగానే నిద్ర పట్టింది. లేవడమే కష్టమైంది. మెట్లు దిగేటప్పుడు మోకాళ్లు పక్కకు తిరిగి దిగమన్నాయి. సీటు మీద కూర్చున్న మొదటి క్షణం గురించి రాయకపోవడమే మర్యాద. చలి, మంచు, పొగమంచులో పసుపుపచ్చగా అస్పష్టంగా వలిసె పూల చేలు. పర్యాటకులు చేలలోకి దిగి ఫొటోలు తీసుకుంటున్నారు. మేము తలలు వంచుకుని తొక్కుతున్నాం. అర గంట పైగా గడిచాక కాళ్లు మెల్లగా దారికి వచ్చాయి.

కాళ్ల కంటే కడుపే ఎక్కువ మొరాయించింది. కండరాల్లో, కాలేయంలో శరీరం దాచుకునే పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్, సుమారు 400 నుంచి 500 గ్రాములు. గట్టిగా శ్రమిస్తే రెండు గంటల్లో అడుగంటుతుంది. కొవ్వు నిల్వలు ఎంత ఉన్నా వాటి నుంచి శక్తి నెమ్మదిగా వస్తుంది, ఎత్తెక్కడానికి చాలదు. అందుకే గంటకు 60 గ్రాముల పిండిపదార్థమైనా లోపలికి పోవాలి. రెండు అరటిపళ్లు, ఒక బెల్లం ముక్క అనుకోండి. మొదటి రోజు అది విందు. రెండో రోజు అరటిపండు చూస్తేనే మొహం మొత్తింది. అయినా గడియారం చూసుకుని తిన్నాం. హుకుంపేటలో దొరికిన చోడి అంబలి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి మమ్మల్ని నిజంగా కాపాడాయి. ఖరీదైన ఎనర్జీ జెల్ పొట్లాలు సంచిలోనే మిగిలిపోయాయి.

పాడేరు 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రమైంది. లంబసింగికి దగ్గరలోనే ఉన్న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద అల్లూరి దళం 1922 ఆగస్టు 22న దాడి చేసింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఈ అడవుల్లో, ఆ వానాకాలంలో, వరసగా మూడు రోజులు. పాడేరు దాటిన ఎత్తులో మేము టైర్లలో గాలి ఎంత ఉండాలన్నదాని మీద వాదించుకుంటుండగా ఇది గుర్తొచ్చింది. కాసేపు ఇద్దరం మాట్లాడకుండా తొక్కాం.

మూడో రోజు లంబసింగిలో తెల్లవారుజామునే కార్లు బారులు తీరాయి. మేము ఆ వరుస ఎదురుగా కిందికి దిగాం. చొక్కా లోపల పాత దినపత్రిక పెట్టుకుంటే ఛాతీకి చలిగాలి తగలదు. వేళ్లకు మాత్రం ఉపాయం లేదు, అవి బ్రేకుల మీదే ఉండాలి. మలుపు లోపల కాదు, మలుపుకు ముందే రెండు బ్రేకులూ నొక్కి వేగం తగ్గించాలి. ఎదురుగా ఆర్టీసీ బస్సు హారన్ వినిపిస్తే ఆ నియమం తనంతట తనే గుర్తుకొస్తుంది.

నర్సీపట్నంలో ఎండ, ఇడ్లీ, వేడి కాఫీ. చలికోట్లు విప్పి సంచుల్లో కుక్కాం. అక్కడి నుంచి అనకాపల్లి దాకా మా సగటు వేగం మొదటి రోజు ఎస్.కోట దారిలో కంటే ఎక్కువ వచ్చింది. దారి పల్లానికి ఉంది కాబట్టి అంటాడు మిత్రుడు. ముందు రోజు అరకులో తొక్కిన ఆ అర గంట వల్ల అంటాను నేను. అనకాపల్లిలో కొత్త బెల్లం కొనుక్కుని, లారీల పక్కన విశాఖ దాకా ఆ వాదనతోనే వచ్చాం.