"ఎంతొస్తాది బావూ?": విశాఖ నుంచి అరకుకి కరెంటు కారులో

ఎంవీపీ కాలనీ నుంచి పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట మీదుగా అరకు సుమారు 115 కిలోమీటర్లు. మేం నలుగురం, నలుగురి సామాను, 40 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు. బయల్దేరేటప్పుడు చార్జి 96 శాతం.

యూనిట్ అంటే ఇంటి కరెంటు బిల్లులో ఉండేదే. కిలోవాట్ అవర్ అని చెబితే అడిగినవాళ్లు తలూపి ఊరుకుంటారు. యూనిట్లు అంటే మాత్రం అక్కడికక్కడే లెక్క మొదలెడతారు. దారి పొడవునా మాకు పనికొచ్చిన మాట ఇదే.

రాత్రి వాన పడింది. గేటు తీస్తూ వాచ్‌మన్ "తడిలో తీగ పెట్టారు కదా సార్, షాక్ కొట్టదా?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. చార్జింగ్ గన్, అంటే తీగ చివరుండే పిడి, బండిలో పూర్తిగా దిగి, లాక్ పడి, బండీ చార్జరూ ఒకదాన్నొకటి గుర్తుపట్టే దాకా గన్ పిన్నులకు కరెంటు రాదు. గన్ తీయాలంటే ముందు సరఫరా ఆగాలి. ప్రమాదం గన్ వైపు కాదు, గోడ సాకెట్ వైపు ఉంటుంది. అక్కడ ఎర్త్ సరిగా లేకపోయినా, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంచే స్విచ్) పెట్టకపోయినా వానాకాలంలో తడిచేత్తో ముట్టుకోవద్దని అతనికి చెప్పాం. సముద్రపు గాలి వల్ల మన ఊళ్లో మరో తంటా ఉంది. పిన్నుల మీద ఉప్పు తేమ చేరి పచ్చగా పూత కడుతుంది. నెలకోసారి టార్చ్ వేసి చూసుకోవాలి, మూత తెరిచి వదిలేయకూడదు.

గోపాలపట్నం దాటాక గాలి కొట్టించడానికి టైర్ల షాపు దగ్గర ఆగాం. ఇదే సైజు పెట్రోలు కారు కన్నా ఇది రెండు మూడు వందల కిలోలు బరువు, అందుకే డోరు పక్కన స్టిక్కరు మీద రాసిన ఒత్తిడే పెట్టాలి, చేతి అంచనా పనికిరాదు. ఆ కుర్రాడికి బ్యాటరీ ఎక్కడుందో చూడాలని ఉంది. కింద పడుకుని చూసి, "ఇదంతా బ్యాటరీయేనా! మరి జాకీ ఎక్కడ పెట్టాలి?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నతోనే పనివాడనిపించాడు. రెండు చక్రాల మధ్య అంచు పట్టీ మీద గుర్తులుంటాయి, జాకీ అక్కడే పెట్టాలి. మధ్యలో బ్యాటరీ పెట్టె కింద పెట్టి ఎత్తితే పెట్టె సొట్టపోతుంది. పైకి చిన్న సొట్టే అయినా లోపల సెల్స్ నొక్కుకుపోయే ప్రమాదం ఉంది, వారంటీ కూడా పోవచ్చు. పంక్చరైతే ఈ సంగతి తెలియనివాడి చేతికి జాకీ ఇవ్వకండి.

దారిలో ఒక ఫాస్ట్ చార్జర్ ఉంటే, అవసరం లేకపోయినా పనిచేస్తుందో లేదో చూద్దామని ఆగాం. తెర మీద తప్పు అని వస్తోంది. ఎవరో ఎర్ర ఎమర్జెన్సీ బటన్ నొక్కి వదిలేశారు. దాన్ని సవ్యదిశలో తిప్పితే బయటికొస్తుంది, తర్వాత రెండు నిమిషాలు ఆగాలి. అప్పటికీ మొదలు కాకపోతే గన్ బరువుకి కిందికి వాలి పిన్నులు సరిగా తగలడం లేదేమో చూడాలి. చార్జింగ్ అందుకునే దాకా గన్‌ని చేత్తో కాస్త పైకెత్తి పట్టుకుంటే చాలాసార్లు పని జరుగుతుంది. ఇంకో సంగతి, ఈ చార్జర్లు ఎక్కువగా ఫోన్ యాప్‌తోనే నడుస్తాయి. ఘాట్‌లో సిగ్నల్ ఉండని చోట్లు చాలా ఉన్నాయి, అందుకే యాప్ వాలెట్‌లో డబ్బు ఊళ్లోనే వేసుకోవాలి.

ఆ పక్కనే నిలబడ్డ ఆటో అన్నకి అనుమానమంతా బ్యాటరీ మీదే. "అయిదేళ్లకి పోద్దంట కదా. మారిస్తే బండి రేటులో సగం అంట." బ్యాటరీ ఖరీదు గురించి అతను చెప్పింది పెద్దగా తప్పు కాదు. బండిలో అన్నిటికన్నా ఖరీదైన భాగం అదే. అయిదేళ్లన్న మాట మాత్రం కార్ల విషయంలో సరికాదు. 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందొస్తే అది, చాలా కంపెనీల కార్ల వారంటీ ఇదీ. బ్యాటరీ ఒక్కసారిగా చచ్చిపోదు, దాని పట్టు మెల్లగా తగ్గుతుంది. అయితే ఆటో రోజంతా తిరిగే బండి కాబట్టి అతను కొనేముందు అడగాల్సినవి వేరే. వారంటీ ఏళ్లలోనా కిలోమీటర్లలోనా, ఎంత శాతానికి పడిపోతే మారుస్తారు, ఆ మాట కాగితం మీద ఉందా? నోటిమాటగా చెప్పే షాపులో కొనొద్దన్నాం.

ఎస్.కోట చేరేసరికి 77 శాతం. 55 కిలోమీటర్లకి ఏడున్నర యూనిట్లు. టీ దుకాణం దగ్గర చెప్పుల మీద బురద ఆరని రైతు ఒకాయన కారు చుట్టూ తిరిగి, పచ్చ నంబరు ప్లేటు చూసి "ఎంతొస్తాది బావూ?" అన్నారు. నిండా చార్జి చేస్తే 280 కిలోమీటర్లు అంటే అది మేం చెప్పే మాటే, ఆయనకి అందే లెక్క కాదు. "మీ బోరుకి ఎన్ని హెచ్.పి. మోటారు?" అని అడిగాం. అయిదు. అయిదు హెచ్.పి. మోటారు గంట నడిస్తే నాలుగు యూనిట్లకు కాస్త పైనే కాలుతుంది. ఆ నాలుగు యూనిట్లతో ఈ కారు నేల మీద 28 కిలోమీటర్లు పోతుంది. ఆయన కాసేపు వేళ్ల మీద లెక్కేసుకుని, "అంటే గంట నీళ్లు తోడితే కొత్తవలస దాటేయొచ్చు" అన్నారు. ఆ మాటతో మిగతావాళ్లకీ సంగతి అర్థమైపోయింది, మేం మళ్లీ చెప్పాల్సిన పని లేకపోయింది.

అదే బల్ల మీద రైల్వేలో ఇంజన్ నడిపి రిటైరైన పెద్దాయన కూర్చున్నారు. ఆయనకి కరెంటు కారు మీద మొదట్నుంచీ నమ్మకం లేదు. "పైకి ఎక్కుతాది సరే, దిగేటప్పుడు కరెంటు తిరిగొస్తాదంటారు, అది అబద్ధం కాదా?" అని ఎవరో అంటే మాత్రం వెంటనే అడ్డుపడ్డారు. కొత్తవలస నుంచి కిరండూల్ పోయే కేకే లైను ఆయన ఎరిగిన దారి. ఇప్పటి త్రీ ఫేజ్ ఇంజన్లు దిగుడులో బ్రేకు వేస్తే మోటార్లే జనరేటర్లయి కరెంటుని పైతీగలోకి తిప్పి పంపుతాయని ఆయనే అందరికీ చెప్పారు. కారులో ఆ తీగకు బదులు బ్యాటరీ ఉంటుంది, తేడా అంతే. ఎంత తిరిగొస్తుందో మాత్రం ఆయన నమ్మలేదు. "రేపు దిగి వచ్చాక అంకె చూపించండి" అన్నారు.

బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలవుతుంది. ఇక్కడ జీపు డ్రైవర్ల ప్రశ్న ఒకటే: "నలుగురితో కొండెక్కుతాదా?" ఎక్కుతుంది, హాయిగా ఎక్కుతుంది. మోటారు సున్నా వేగం నుంచే పూర్తి లాగుడు ఇస్తుంది. మలుపులో ఎదురుగా బస్సు వచ్చి ఆగాల్సొస్తే, మళ్లీ కదిలేటప్పుడు క్లచ్ తంటా లేదు, వెనక్కి జారడం లేదు. వాళ్లు అడగాల్సింది ఎంత తాగుతుందని. మనుషులతో కలిపి 1,750 కిలోల బండి వెయ్యి మీటర్లు పైకి ఎక్కాలంటే ఎత్తుకే 4.8 యూనిట్లు కావాలి, మోటారు నష్టాలు కలిపితే అయిదున్నర. ఇది దూరానికి అయ్యే ఖర్చు మీద అదనం. దారిలో వచ్చే గాలికొండ అరకు లోయ కన్నా ఎత్తు, కాబట్టి ముందు అంతెత్తుకి ఎక్కి తర్వాత లోయలోకి దిగుతాం. గాలికొండ దగ్గర 51 శాతం, అరకులో 47. డ్యాష్‌బోర్డు చూపించే మిగిలిన కిలోమీటర్లు ఘాట్‌లో ఘోరంగా పడిపోతాయి, ఎందుకంటే అది అప్పటిదాకా అయిన వాడకాన్ని బట్టి లెక్కేస్తుంది. అక్కడ కంగారుపడి ఏసీ ఆపేసి కుటుంబాన్ని ఉడికించేవాళ్లున్నారు. శాతం చూడండి, కిలోమీటర్లు చూడకండి.

దారిలో బొంగులో చికెన్ కాలుస్తున్న అమ్మ "మంటలంటుకుంటాయట కదా నాయనా, టీవీలో సూపించారు" అంది. నిజమే, 2022లో కరెంటు స్కూటర్లు కాలిపోయిన ఘటనలు చాలా జరిగాయి. ఆ తర్వాత స్కూటర్ల బ్యాటరీలకి ఏఐఎస్-156, కార్లకి ఏఐఎస్-038 పరీక్షలు కఠినం చేశారు. సెల్స్ రకం కూడా ముఖ్యం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ వేడిని ఎక్కువ తట్టుకుంటాయి. ఘాట్‌లో మా భయం వేరు. రోడ్డు పక్కకి దిగి బండి ఆపేటప్పుడు రాయి కిందనుంచి బ్యాటరీ పెట్టెకి గట్టిగా తగిలితే అప్పటికి ఏమీ కాకపోవచ్చు, కానీ తర్వాత వేడెక్కవచ్చు. అలా తగిలితే ఆ రాత్రి చార్జింగ్ పెట్టొద్దు. బండిని ఇంటికి, ఇతర వాహనాలకు దూరంగా, ఖాళీ జాగాలో ఉంచి కంపెనీ వాళ్లకి చూపించాలి. ఆమె ఇంత విని "నాలుగు రాళ్లు తీసి పక్కన పడేస్తాం, మీరు ఇటు పెట్టండి" అని చోటు చూపించింది.

అరకులో లాడ్జి యజమానితో మాట్లాడడం అన్నిటికన్నా పెద్ద పని. ఆయన ముందే "బిల్లు వాచిపోతుంది" అన్నారు. పోర్టబుల్ చార్జరు గంటకి మూడు యూనిట్లు తీసుకుంటుంది, అంటే ఒకటిన్నర గీజర్లంత. మాకు 47 నుంచి 90 దాకా కావాలి, బ్యాటరీలోకి 17 యూనిట్లు, నష్టాలతో గోడ దగ్గర 19. యూనిట్ 10 రూపాయలనుకున్నా 190. మేం ముందే 300 చేతిలో పెట్టాం. ఇక్కడ మొహమాటం పనికిరాదు, అడగకుండా తీగ పెట్టడం దొంగతనమే.

అసలు చిక్కు ఎర్త్. గదిలో ఏసీకి వేసిన 15 ఆంపియర్ల సాకెట్లో పెడితే చార్జరు ఎర్రగా వెలిగింది. ఫోన్లకి, టీవీలకి ఎర్త్ లేకపోయినా తెలియదు, ఈ చార్జరు మాత్రం ఎర్త్ లేనిదే కదలదు. లాడ్జి ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్టర్‌తో చూస్తే సాకెట్ మూడో పిన్నుకి తీగే కలపలేదు. వంటింటి వెనక, ఎర్త్ గుంటకి దగ్గరగా ఉన్న మోటారు సాకెట్లో పెడితే పచ్చ లైటు వచ్చింది. కొందరు ఎర్త్‌ని న్యూట్రల్‌కి (కరెంటు తిరిగెళ్లే తీగకి) కలిపేసి లైటుని మోసం చేస్తారు. అలా చేస్తే న్యూట్రల్ తెగిన రోజు బండి ఒంటికే కరెంటొస్తుంది. ఎంత అవసరమైనా ఆ పని చేయనివ్వకండి. అయిదు ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా వద్దు. మొదటి అరగంట తర్వాత ప్లగ్ మీద చెయ్యి పెట్టి చూడాలి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి ఆనకపోతే వెంటనే ఆపాలి.

కావాలనే 90 దగ్గర ఆగేలా పెట్టాం. కొండ మీద నూరు శాతం నింపి దిగడం మొదలెడితే తిరిగొచ్చే కరెంటుకి బ్యాటరీలో చోటుండదు, మోటారు బ్రేకు పనిచేయదు, బరువంతా మామూలు బ్రేకుల మీద పడి అవి వేడెక్కుతాయి.

పొద్దున్న కాఫీ దగ్గర విశాఖ నుంచే వచ్చిన మాస్టారొకరు కలిశారు. "పొగ ఊళ్లో ఆపి పరవాడలో వదులుతున్నారు, అంతే కదా? అక్కడి సింహాద్రి కరెంటు కేంద్రం నడిచేది బొగ్గుతోనే" అన్నారు. 2,000 మెగావాట్ల సింహాద్రి బొగ్గుదే, కాదనలేం. బొగ్గు వేడిలో మూడో వంతుకి కాస్త పైన కరెంటవుతుంది, ఊరి ట్రాఫిక్‌లో పెట్రోలు ఇంజన్ పావు వంతు కూడా చక్రానికి అందించడం కష్టం. అందుచేత బొగ్గు కరెంటుతో లాభం కొంత ఉంది, ప్రకటనల్లో చెప్పేంత లేదు. కానీ ఆ సింహాద్రి చెరువు మీదే 2021లో 25 మెగావాట్ల తేలే సోలార్ పలకలు పెట్టారు, అరకు అవతల మాచ్‌ఖండ్ నీటి కరెంటు 1955 నుంచీ ఉంది. తీగలోకి వచ్చేది మారితే బండి అదే ఉన్నా పొగ తగ్గుతుంది, పెట్రోలు కారుకి ఆ వీలు లేదు. మాస్టారు దీనికి ఒప్పుకున్నారు. "మరి హుద్‌హుద్ లాంటి తుపాను వస్తే?" అన్నారు.

2014 అక్టోబర్ 12ని చూసిన విశాఖవాళ్లెవరూ ఈ ప్రశ్నని తేలిగ్గా తీసుకోరు. రోజుల తరబడి కరెంటు లేదు. పెట్రోలు బంకుల పంపులూ కరెంటుతోనే నడుస్తాయి, జనరేటరున్న బంకుల ముందు క్యూలు అందరికీ గుర్తే. తుపాను హెచ్చరిక రాగానే బండిని 100 శాతం నింపి, ఎత్తయిన చోట పెట్టాలి. ఊళ్లో రోజుకి 20 కిలోమీటర్లు తిరిగితే వారం దాటుతుంది. బ్యాటరీకి ఐపీ67 ఉందంటే మీటరు లోతు మంచినీటిలో అరగంట తట్టుకుందని అర్థం. జ్ఞానాపురం అండర్‌బ్రిడ్జి నీళ్లలోకి దింపమని కాదు, ఉప్పునీళ్లలోకి అసలే కాదు. నీళ్లలో నానిన బండిని చార్జింగ్ పెట్టకూడదు. వారం ఇక్కట్లు పడే ఊరికి ఈ బండి సరైనదేనా అన్న ఆయన సందేహం పూర్తిగా తీరలేదు, తీరాలని మేమూ పట్టుబట్టలేదు.

తిరుగు ప్రయాణంలో అరకు నుంచి గాలికొండకి మళ్లీ ఎక్కుడు, అక్కడ 75 శాతం. అక్కణ్నుంచి రీజెన్, అంటే కరెంటు తిరిగిచ్చే ఆ మోటారు బ్రేకుని, గట్టి స్థాయిలో పెట్టి, 30, 35 వేగంలో దిగాం. ముందు వెళ్తున్న వ్యాన్ల బ్రేకులు కాలిన వాసన వస్తోంది, మా బ్రేకు పెడల్ వాడింది మలుపుల దగ్గరే. కొండ కింద 77.

ఎస్.కోటలో పెద్దాయన అదే బల్ల మీద ఉన్నారు. అంకె చూశారు, ఎక్కడ ఎంత ఉందో అడిగి కాగితం మీద రాసుకున్నారు. "ముప్ఫై కిలోమీటర్లు ఉత్తినే నడిచి పైన రెండు శాతం ఇచ్చింది. మా ఇనుప ఖనిజం రైలుబళ్లు ఇంతకన్నా ఎక్కువే ఇస్తాయి, వేల టన్నులు కదా" అన్నారు. విశాఖ చేరేసరికి 57 ఉంది.