ఎడిన్‌బరోలో ఇంకో రోజా, కలోడెన్ మైదానమా?

జూన్‌లో అమ్మని తీసుకుని స్కాట్లండ్‌లో, ఎడిన్‌బరోలో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్తున్నాం. వీసాలు, ఫ్లైట్ టికెట్లు అన్నీ అయిపోయాయి, ఇప్పుడు పంచాయితీ అంతా మిగిలిన ఒక్క రోజు మీదే. ఆ రోజు కూడా సిటీలోనే తీరిగ్గా తిరుగుదామని వాడంటాడు, ఉత్తరాన ఉన్న ఇన్వర్నెస్ ఊరి దాకా వెళ్ళి కలోడెన్ యుద్ధభూమి చూడాల్సిందేనని నేనంటాను.

"అక్కా, అక్కడ ఏముందని? గడ్డి, నాలుగు రాళ్ళు. దానికోసం మూడున్నర గంటలు రైల్లో పోయి, మళ్ళీ అంతసేపు తిరిగి రావాలా?" అన్నాడు మొన్న వీడియో కాల్‌లో. వాడి మాటలో న్యాయం లేకపోలేదు. ఎడిన్‌బరో ఒక్క చూపులో అయిపోయే ఊరు కాదు. పాత ఊరు, కొత్త ఊరు కలిపి 1995లోనే యునెస్కో జాబితాలోకి ఎక్కాయి, కోట ఒక్కటే చూసినా సగం రోజు పోతుంది, అక్కడి నుంచి హోలీరూడ్ రాజభవనం దాకా రాయల్ మైల్ అనే వీధిలో నడుచుకుంటూ వస్తే సాయంత్రం అవుతుంది. నేషనల్ మ్యూజియంలోకి టికెట్ కూడా లేదు, క్లోనింగ్‌తో పుట్టిన డాలీ గొర్రెని అందులోనే పెట్టారు, అమ్మకి అది చూపించాలని వాడి ఆశ. ఇవన్నీ నాకూ కావాలి. కానీ వాడక్కడే ఉంటున్నాడు కాబట్టి ఎడిన్‌బరోకి మేం మళ్ళీ వెళ్తాం, ఇన్వర్నెస్‌కి మాత్రం ఈసారి వెళ్ళకపోతే ఇక వెళ్ళబోమని నా నమ్మకం.

కలోడెన్ గురించి తెలియనివాళ్ళకి కొంచెం చెప్తాను. 1746 ఏప్రిల్ 16న జరిగింది, బ్రిటన్ గడ్డ మీద సైన్యాలు ఎదురెదురుగా నిలబడి చేసిన చివరి పెద్ద యుద్ధం అదే. పోయిన సింహాసనం తన వంశానికి తిరిగి రావాలని చార్లెస్ ఎడ్వర్డ్ స్టూవర్ట్ అనే కుర్ర యువరాజు ఒకవైపు, అతని వెనక ఎక్కువగా కొండప్రాంతపు తెగలవాళ్ళు. రెండోవైపు కంబర్లాండ్ డ్యూక్ నడిపిన ప్రభుత్వ సైన్యం. దీన్ని ఇంగ్లండ్, స్కాట్లండ్ కొట్లాటగా చెప్పేస్తుంటారు గానీ ప్రభుత్వం వైపు కూడా స్కాట్లండ్ వాళ్ళు చాలామంది పోరాడారు. ముందు రాత్రి కంబర్లాండ్ శిబిరం మీద పడదామని యువరాజు మనుషులు చీకట్లో నెయిర్న్ అనే ఊరి వైపు నడిచి, తెల్లవారేలోపు చేరలేక వెనక్కి తిరిగారు. తిండి లేదు, నిద్ర లేదు, ఆ ఒంటితోనే పొద్దున బురదనేల మీద, ఎదురుగాలికి మొహాన కొడుతున్న మంచువానలో, ఫిరంగుల మీదికి కత్తులు పట్టుకుని పరిగెత్తారు. గంట కూడా పట్టలేదు. వాళ్ళలో చచ్చినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు 1,500 మందికి తక్కువ ఉండరు, ప్రభుత్వం వైపు చనిపోయింది 50 మంది దాకా. పడిపోయి ఉన్న క్షతగాత్రుల్ని కూడా వదల్లేదు.

ఆ తర్వాత జరిగింది నన్ను ఇంకా ఎక్కువ కదిలించింది. కొండ ఊళ్ళ మీద పడి ఇళ్ళు తగలబెట్టారు, పశువుల మందల్ని తోలుకుపోయారు. వాళ్ళ గళ్ళ బట్టల్ని మగవాళ్ళు కట్టుకోకూడదని చట్టం చేశారు, అది 1782 దాకా నడిచింది. యువరాజుని పట్టిస్తే 30,000 పౌండ్లు ఇస్తామన్నా అయిదు నెలలపాటు ఒక్కరూ పట్టివ్వలేదు, చివరికి ఓడెక్కి ఫ్రాన్స్ వెళ్ళిపోయాడు. యువరాజు పక్షాన తిరగబడ్డ మక్లౌడ్ ప్రభువు క్షమాభిక్ష దొరికాక 1777లో అదే ప్రభుత్వం కోసం పటాలం కట్టాడు, ఆ పటాలం 1780లో మద్రాసులో దిగి హైదర్ అలీతో యుద్ధానికి పోయింది. మన పక్కన ఉన్న మద్రాసు!

మంద పోతే బతుకే పోయే జనం గురించి మాది కనిగిరి వైపు కాబట్టి నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పశువుల మందలున్న కాటమరాజుకీ నెల్లూరు రాజు మనుమసిద్ధికీ పుల్లరి, అంటే మేత పన్ను, దగ్గర తగాదా వచ్చి పాలేటి ఒడ్డున ఎర్రగడ్డపాటి పోరు జరిగిందని గొల్లసుద్దుల వాళ్ళు చెప్తుంటే వింటూ పెరిగాం. యుద్ధం నుంచి వెనుదిరిగి ఇంటికొచ్చిన మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కనకి పెళ్ళాం చానమ్మ మంచం అడ్డం పెట్టి పసుపుముద్ద ఉంచిందని, తల్లి విరిగిన పాలు పోసిందని, అతను మళ్ళీ వెళ్ళి ప్రాణం వదిలాడని చెప్పేటప్పుడు మా నాయనమ్మ ప్రతిసారీ ఏడ్చేది, కాటమరాజు మనుషులు పడిపోయినప్పుడూ అంతే ఏడ్చేది. ఆ కథలు విన్నదాన్ని, కలోడెన్‌లో తెగల పేర్లతో పాతిన రాళ్ళ దగ్గర నిలబడకుండా ఎలా వచ్చేస్తాను? 1881లో పెట్టిన రాళ్ళవి, చచ్చినవాళ్ళని పూడ్చిన దిబ్బలు వాటి దగ్గరే ఉన్నాయి. ఎవరి సైన్యం ఎక్కడ నిలబడిందో తెలిసేలా ఎరుపు, నీలం జెండాలు కూడా పాతారట.

మధ్యేమార్గంగా తమ్ముడు బానక్‌బర్న్ అన్నాడు. స్టిర్లింగ్ పక్కనే, ఎడిన్‌బరో నుంచి రైల్లో గంటలోపే. 1314లో రాబర్ట్ బ్రూస్ ఇంగ్లండ్ రాజు రెండో ఎడ్వర్డ్‌ని ఓడించిన చోటు, గుర్రమెక్కిన బ్రూస్ విగ్రహం బాగుంటుంది, స్టిర్లింగ్ కోట కూడా చూడొచ్చు. తక్కువ టైం ఉన్నవాళ్ళకి నేను కూడా అదే చెప్తాను. కానీ అసలు పోరు సరిగ్గా ఎక్కడ జరిగిందో అక్కడ ఇప్పటికీ వాదన ఉంది, చుట్టూ ఇళ్ళు వచ్చేశాయి. నాకు కావాల్సింది ఆ నేలే.

అమ్మేమో "చచ్చినోళ్ళని పూడ్చిన చోటికి ఏందమ్మాయ్, ఇంత దూరం పోయి?" అంది ముందు. ఖడ్గతిక్కన కథతో కలిపి చెప్పాక మెత్తబడింది. అసలు అమ్మ మోకాళ్ళ సంగతి చూసినా కలోడెనే నయం. ఎడిన్‌బరో పాత ఊరంతా ఎత్తుపల్లాలు, మెట్లు, రాళ్ళు పరిచిన దారులు, వరసగా తిరిగితే ఆమెకి నరకమే. కలోడెన్ చదును నేల, బాటలు వేసి ఉన్నాయి. మైదానంలో నడవడానికి డబ్బులేం కట్టక్కర్లేదు, లోపల ఎగ్జిబిషన్‌కి మాత్రం టికెట్.

చివరికి ఇలా తేల్చాం. పోయిన రోజే తిరిగి రావడం పెట్టుకోకుండా ఇన్వర్నెస్‌లో ఒక రాత్రి ఉంటాం. రైలు కెయిర్న్‌గార్మ్స్ కొండల మధ్య నుంచి పోతుంది, ఇన్వర్నెస్ దగ్గర పడ్డాక 1898 నాటి కలోడెన్ రాతి వంతెన మీదుగా దాటుతుంది, కాబట్టి ఆ ప్రయాణం వృథా అని నేను ఒప్పుకోను. ఊళ్ళో దిగాక మైదానం ఎనిమిది కిలోమీటర్లే, బస్సుంది. జూన్‌లో రాత్రి పదింటికి కూడా వెలుగుంటుంది కాబట్టి హడావిడి లేదు, ఓపికుంటే దగ్గర్లోనే ఉన్న నాలుగువేల ఏళ్ళనాటి క్లావా సమాధులు కూడా చూస్తాం. తమ్ముడు రైలు టికెట్లు ముందే తీస్తున్నాడు, ఆలస్యమైతే రేట్లు పెరుగుతాయని. వానకోట్లు నేను ఒంగోల్లోనే కొంటున్నాను. ఇన్వర్నెస్‌లో ఉండి వచ్చినవాళ్ళెవరైనా ఉంటే, గుడ్డు కూడా తినని అమ్మకి రాత్రి భోజనం ఎక్కడ దొరుకుతుందో చెప్పండి, నా టెన్షన్ ఇప్పుడు అదొక్కటే.