నానమ్మ పడిపోయిన రోజు నేను వేసిన లెక్క

“నానమ్మ నేల మీద పడి ఉంటే నువ్వు డబ్బు లెక్క వేశావు.”

మా అమ్మాయి ఈ మాటను ఇంగ్లీషులో అంది. తెలుగులోకి మార్చి రాస్తే కొంచెం మెత్తబడుతుందేమో అనుకున్నాను. ఇంకా గట్టిగా గుచ్చుకుంటోంది. దానికి పదిహేనేళ్లు. అరిచి అన్నా, ఏడ్చి అన్నా నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. గిన్నెలు సర్దుతూ, చెంచాలు ఏ అరలో పెట్టాలో అడిగినంత మామూలుగా అంది.

జరిగింది చెబుతాను. సంక్రాంతి వెళ్లాక అత్తయ్య తెనాలి నుంచి మా దగ్గరకు వచ్చారు. శనివారం ఆవిడకు ఒక్కపొద్దు. ముప్పై ఏళ్ల నియమం, దేశం మారినంత మాత్రాన మారదు. సుగర్ మాత్ర కూడా నియమమే, పొద్దున్నే వేసుకుంటారు. ఆ రెండు నియమాలూ ఒకే రోజున ఎదురుపడితే ఏమవుతుందో ఇంట్లో ఎవరమూ ఆలోచించలేదు. పదకొండు గంటలకు పూజగది ముందు గోడకు జారబడి, అలాగే కిందికి ఒరిగిపోయారు. ఒళ్లంతా చెమట, మాట ముద్దగా వస్తోంది.

మా వారు ఫోను తీశారు. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట: “అంబులెన్సు వద్దు, వేలల్లో బిల్లు వేస్తారు. కారు తీయండి, మనమే తీసుకెళదాం.”

నిజంగా అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసు. టెక్సాస్‌లో ఉన్న రోజుల్లో ఒక స్నేహితురాలికి అంబులెన్సు బిల్లు వచ్చింది. ఆ కాగితం ఫోటో వాట్సాప్‌లో ఎంతమందికి వెళ్లిందో చెప్పలేను. అప్పటి నుంచి మా అందరికీ అంబులెన్సు అంటే ఎరుపు, నీలం దీపాలతో తిరిగే అప్పు. పైగా అత్తయ్యకు ఉన్నది సందర్శకుల బీమా. ఏది ఇస్తారో, ఏది ఇవ్వరో చెప్పే ఆ కాగితాలు నేను పూర్తిగా చదవలేదు. చదవనందుకే ఇంకా ఎక్కువ భయం.

మేము వాదించుకుంటూ ఉండగానే మెట్ల మీద నుంచి అమ్మాయి గొంతు వినిపించింది. అప్పటికే అది ఇక్కడి అత్యవసర నంబరు 911తో మాట్లాడుతోంది. మా చిరునామా, నానమ్మ వయసు, ఊపిరి ఆడుతోంది, మెలకువగానే ఉంది, డయాబెటిస్ ఉంది. వరసగా, తడబాటు లేకుండా చెబుతోంది. మేముండే వాషింగ్టన్ రాష్ట్రంలో హైస్కూలు పిల్లలకు సీపీఆర్, అంటే ఆగిన గుండెకు ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స, నేర్పించాలని 2013లో చట్టం చేశారు. మా అమ్మాయి రబ్బరు బొమ్మ ఛాతీ నొక్కి వచ్చిన రోజున నేను అడిగింది ఒక్కటే, లెక్కల పరీక్ష ఎలా రాశావని.

కొద్ది నిమిషాల్లో ఫైరింజను వచ్చి ఆగింది. ముగ్గురు మనుషులు, ఇంతింత బూట్లు. గుమ్మంలో మా చెప్పుల స్టాండు చూసి ఒకతను క్షణం ఆగి, క్షమించమన్నట్టు తల ఊపి లోపలికి వచ్చేశాడు. ఆ స్థితిలోనూ అత్తయ్య చెయ్యెత్తి “బూట్లు... దేవుడి గది...” అన్నారు. ఏమంటున్నారని అతను అడిగాడు. దేవుణ్ణి తలుచుకుంటున్నారని అమ్మాయి చెప్పింది. అంత చక్కటి అనువాదం నేను చేయలేను.

వేలి కొన మీద చుక్క రక్తం తీశారు. సుగర్ 54. పొద్దున ఏం తిన్నారని అడిగారు. “ఒక్కపొద్దు” అన్నారు అత్తయ్య. అమ్మాయి ఒక క్షణం వెతుక్కుని, ఈవిడ శనివారం దేవుడి కోసం పగలు తినదు, మాత్ర మాత్రం వేసుకుంటుంది అని చెప్పింది. ఆదివారం తెలుగు బడికి పంపడానికి ఆరేళ్లు దానితో యుద్ధం చేశాను, ఐదో ఏడు నుంచి అది ఏడవడం మానేసి మొండికేసింది. ఆ తెలుగంతా ఆ ఒక్క వాక్యం కోసమే నేర్చుకున్నట్టు అనిపించింది. తీయటి జెల్ గొట్టం అత్తయ్య చేతికిచ్చి చప్పరించమన్నారు. పావుగంటకు ఆవిడ లేచి కూర్చుని, వచ్చినవాళ్లకు కాఫీ ఇచ్చావా అని నన్ను అడిగారు. ఛాతీకి తీగలు పెట్టి గుండె చూశారు, బాగానే ఉందన్నారు. అన్నం పెట్టి, డాక్టరుతో మాట్లాడి మాత్ర సంగతి తేల్చుకోమన్నారు. ఆసుపత్రికి వెళ్లే పని పడలేదు.

వాళ్లు తలుపు దాటుతుంటే నేను అడిగాను, అడగకుండా ఉండలేకపోయాను: బిల్లు ఎక్కడికి వస్తుంది?

అతను నవ్వాడు. దీనికి బిల్లు ఏమీ లేదండీ అన్నాడు.

సాయంత్రం గిన్నెల దగ్గర పై మాట పడింది. ఆ తర్వాత అమ్మాయి పైకి వెళ్లి ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఫిబ్రవరిలో వచ్చిన మా ఇంటి పన్ను కాగితం. అందులో ఒక వరస మీద పసుపు గీత గీసి ఉంది. అత్యవసర వైద్య సేవలు. “నువ్వు ముందే కట్టేశావు. ఈ ఇల్లు కొన్నప్పటి నుంచీ కడుతున్నావు. కట్టినదాన్ని వాడుకోవడానికి భయం ఎందుకు?”

ఇక్కడ నా బండారం బయటపెట్టాలి. ఆ వరస నాకు కొత్త కాదు. పోయిన నవంబరులో దాని మీద వంటింట్లో నిలబడి ఉపన్యాసం ఇచ్చినదాన్ని నేనే.

మేముండేది సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీలో. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఇక్కడ అగ్నిమాపక సిబ్బందికే వైద్యం నేర్పి ఇళ్లకు పంపే పద్ధతిని 1970లో లెనార్డ్ కాబ్ అనే గుండె వైద్యుడు, గోర్డన్ వికరీ అనే ఫైర్ చీఫ్ కలిసి సియాటిల్‌లో మొదలుపెట్టారు. మెడిక్ వన్ అంటారు. ముందు దగ్గరలోని ఫైరింజను వస్తుంది. ప్రాణం మీదికి వచ్చిన సంగతైతే హార్బర్‌వ్యూ ఆసుపత్రిలో శిక్షణ పొందిన పారామెడిక్కులు వెనకాలే వస్తారు. కౌంటీ అంతటా దీన్ని నడపడానికి 1979 నుంచి ఇళ్ల మీద, స్థలాల మీద లెవీ అనే ప్రత్యేక పన్ను వేస్తున్నారు. లెవీ అంటే నాకు తెలిసింది ఒక్కటే, మా నాన్న గుమాస్తాగా పనిచేసిన రైసుమిల్లులో సర్కారుకు కొలిచి ఇచ్చే బియ్యం. ఆ మాట వినగానే మా మిల్లు యజమాని మొహం ఎలా ముడుచుకునేదో, నాదీ అలాగే ముడుచుకుంది.

2025 నవంబరు 4న మళ్లీ ఓటుకు పెట్టారు. 2026 నుంచి 2031 వరకు, ఇంటి విలువలో ప్రతి వెయ్యి డాలర్లకు 25 సెంట్లు మించకుండా. పది లక్షల డాలర్ల ఇల్లయితే ఏడాదికి 250. ఇక్కడ పది లక్షల ఇల్లంటే రాజభవనం కాదు, పక్కింటి వాళ్ల పోపు వాసన మనకు తెలిసేంత దగ్గరగా కట్టిన ఇల్లే. నెలకు 21 డాలర్లు లేదు. మా ఇంట్లో ఎవరూ చూడని వినోద చందాలు కలిపితే అంతకంటే ఎక్కువే అవుతుంది. వాటి మీద నేను ఏనాడూ ఉపన్యాసం ఇవ్వలేదు.

అప్పుడు నా వాదన ఏమిటంటే, ఇంటి విలువ పెరిగితే పన్నూ పెరుగుతుంది, మన జీతం పెరగదు. సగమే నిజం. కొత్త కట్టడాల మీద వచ్చేది పక్కన పెడితే, మొత్తం వసూలు ఏడాదికి 1 శాతం కంటే ఎక్కువ పెరగకూడదని రాష్ట్ర చట్టం. ఇళ్ల విలువలు ఎగబాకితే రేటు కిందికి దిగుతుంది. 2019లో జనం ఒప్పుకున్నది వెయ్యికి 26.5 సెంట్లు. ఆరేళ్లు తిరిగేసరికి కట్టే రేటు 25 కన్నా తక్కువకు వచ్చింది. జీతాలు, మందులు, బండ్లు మాత్రం ఏటా ఒక శాతంతో సరిపెట్టుకోవు. అందుకే ఆరేళ్లకోసారి వచ్చి జనాన్ని మళ్లీ అడుగుతారు. అంటే ఈసారి నిరుటి కంటే ఎక్కువ కడుతున్నామన్న నా సణుగుడికి కాస్త ఆధారం ఉంది. ఈ ముక్కను మా అమ్మాయి ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

ఇంటి విలువ విషయంలో నా నిజాయితీ కూడా చూడండి. ఫోనులో మన ఇల్లు ఇప్పుడు ఇంత పలుకుతోంది అని చూపిస్తే మురిసిపోయి చెల్లెలికి పంపిస్తాను. అదే అంకె ఇళ్లకు విలువ కట్టే కౌంటీ అసెసర్ నుంచి కార్డు మీద వస్తే అన్యాయం అంటాను.

ఇంకో సంగతి. నాకు ఓటు లేదు. గ్రీన్‌కార్డు వరసలో పదకొండో ఏడు. పన్నుకు పనికొస్తాం గానీ ఓటుకు పనికిరామా అని నవంబరులో గట్టిగానే అన్నాను. 1773లో బోస్టన్‌లో ఈ కోపంతోనే టీని సముద్రంలో పారబోశారని మీ బడిలోనే చెప్పారు కదా అని అమ్మాయినే సాక్ష్యానికి పిలిచాను. అది నన్ను పైనుంచి కిందికి చూసి, “టీ పారబోస్తావా? నువ్వా?” అంది. ఓటు లేకపోయినా సలహా ఉంది కదా, పౌరసత్వం వచ్చిన స్నేహితురాలికి ఫోను చేసి వ్యతిరేకంగా వేయమని చెప్పాను. ఆమె ఏం వేసిందో అడగలేదు. లెవీ మాత్రం పెద్ద ఆధిక్యంతో నెగ్గింది.

ఇంతవరకూ వచ్చాను కాబట్టి ఒకటి రెండు ఉపయోగపడే మాటలు. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చిన రోజునే వాళ్ల మందుల పేర్లు ఇంగ్లీషులో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. ఉపవాసాలున్న రోజులు డాక్టరుకు ముందే చెప్పండి. మీ ఊళ్లో అంబులెన్సుకు డబ్బు ఎవరు కడతారో ఆరోగ్యంగా ఉన్నప్పుడే తెలుసుకోండి. ఇది కౌంటీ కౌంటీకి మారుతుంది. మా దగ్గర కూడా ఇంటికి వచ్చి చూసినందుకు మాకు బిల్లు రాలేదు గానీ, ప్రైవేటు అంబులెన్సులో ఆసుపత్రికి చేరిస్తే వస్తుంది. అంటే నా భయం పూర్తిగా కట్టుకథ కాదు. పిల్లలకు 911 నేర్పించండి అని రాయబోయి ఆగాను. వాళ్లకు వచ్చు. మా ఇంట్లో రానిది నాకే.

అత్తయ్యకు ఇందులో ఏ తికమకా లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 ఆవిడకు బాగా తెలుసు. వీధి చివర తాపీ మేస్త్రి గారికి గుండెనొప్పి వస్తే ఫోను చేసింది ఆవిడే. “డబ్బు అడగరు అమ్మాయ్, బండి వస్తుంది, ఎక్కిస్తారు” అన్నారు. అక్కడ అది రాష్ట్ర ఖజానా నుంచి నడుస్తుంది, ఇంటి పన్ను రశీదులో కనిపించదు. కనిపించదు కాబట్టి ఎవరూ వంటింట్లో ఉపన్యాసం ఇవ్వరు. తెనాలిలో ఉంటే ఆవిడ కోసం నేనూ క్షణం ఆలోచించకుండా 108కి చేసేదాన్ని. ఇక్కడ పన్ను కట్టి కూడా చేయలేకపోయాను. ఇది పొదుపా, పరాయితనమా? నా డబ్బుతోనే నడిచే బండి నాది కాదని ఎందుకు అనిపిస్తుంది?

అమ్మాయికి అర్థమయ్యేలా చెబుదామని మా ఊరి శ్రీరామనవమి పందిరి సంగతి ఎత్తాను. పెంకుటింటికి ఇంత, మేడకు ఇంత, ఇంటి తాహతును బట్టి చందా. పానకం మాత్రం అందరికీ ఒకే గ్లాసు. “అంటే అది లెవీ” అంది సంబరంగా. నేనూ సంతోషించాను, ఏదో వారధి కట్టేసినట్టు. తర్వాత రాత్రి పడుకున్నాక మిగతాది గుర్తొచ్చింది. చందా పుస్తకం వస్తోందంటే మా నాన్న పెరటి తలుపు గుండా మిల్లుకు వెళ్లిపోయేవాడు. ఊరి చివర పేటకు ఆ పుస్తకమూ వెళ్లేది కాదు, పానకమూ వెళ్లేది కాదు. అందరికీ ఒకే గ్లాసు అని దానికి చెప్పాను. ఆ ముక్క ఇంకా సరిదిద్దలేదు.

ఈ లెవీ 2031తో అయిపోతుంది, మళ్లీ ఓటుకు వస్తుంది. అప్పటికి అమ్మాయికి ఇరవై ఏళ్లు, ఇక్కడ పుట్టింది కాబట్టి ఓటు ఉంటుంది. నాకు ఉంటుందో లేదో తెలియదు. ఏం వేస్తావని అడిగితే, “అప్పుడు చదివి చెబుతాను” అంది. వ్యతిరేకంగా వేయమని ఫోను చేసి చెప్పిన రోజున ఆ ప్రతిపాదనలో ఒక్క వాక్యం కూడా నేను చదివి ఉండలేదు.

అత్తయ్య ఇప్పుడు శనివారాలు పొద్దున అటుకులు పాలల్లో వేసుకుని తింటున్నారు. అది అన్నం కాదు కాబట్టి ఒక్కపొద్దు చెడదట.

పోయిన మంగళవారం మధ్యాహ్నం ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. ఛాతీ మధ్యలో పట్టేసినట్టు అయింది, ఎడమ భుజం దాకా లాగింది. ఫోను చేతిలోకి తీసుకున్నాను. 911 కాదు, అంబులెన్సులో ఆసుపత్రికి చేరిస్తే మా బీమాకు ఎంత పడుతుందో వెతికాను. జవాబు దొరికేలోపు పెద్ద త్రేనుపు వచ్చింది. మజ్జిగలో ఇంత వాము పొడి వేసుకుని తాగి పడుకున్నాను. తగ్గింది. సాయంత్రం అమ్మాయి బడి నుంచి వచ్చి ఏం చేశావు ఈ రోజంతా అని అడిగితే, బట్టలు మడతపెట్టాను అన్నాను.