ఓవెన్ లేని ఉక్రెయిన్ వేఫర్ కేకు: అంతా తడి లెక్కే

ఉక్రెయిన్‌లో దీన్ని వాఫెల్నియ్ టోర్ట్ అంటారు. పడమటి జిల్లాల్లో, అంటే ల్వీవ్, తెర్నోపిల్, ఇవానో-ఫ్రాంకీవ్స్క్ వైపు, ఆండ్రుతి అనే పేరే ఎక్కువ వినిపిస్తుంది. పల్చటి వేఫర్ రేకుల మధ్య ఉడికించిన కండెన్స్‌డ్ మిల్క్, వెన్న కలిపిన క్రీమ్ రాసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, బరువు పెట్టి నొక్కి, మర్నాడు కోసుకుని తినే కేకు ఇది. ఈ పడమటి జిల్లాలున్న గలీసియా ప్రాంతం 1772 నుంచి 1918 దాకా ఆస్ట్రియా ఏలుబడిలో ఉంది. వియన్నా వాళ్ల వేఫర్ మిఠాయిల ప్రభావం అక్కడి వంటిళ్లలో ఇప్పటికీ కనబడుతుంది. చాక్లెట్ పూసిన వేఫర్ కేకును ల్వీవ్‌లోనూ, పోలండ్‌లోని క్రాకోలోనూ ఇప్పటికీ పిషింగర్ అనే వియన్నా పేరుతోనే పిలుస్తారు.

రేకులు ఇంట్లో కాల్చేవాళ్లు తక్కువ, చాలామంది కొట్లో కొంటారు. మనం పూతరేకులు చుట్టుకున్నట్టే ఇది కూడా: రేకు తయారీ ఒకరి పని, లోపల ఏం పెట్టాలన్నది ఇంకొకరి పని. కాకపోతే పూతరేకు నోట్లో పెట్టగానే కరగాలి. ఈ వేఫర్ రేకు మాత్రం క్రీమ్‌లోని తడిని కొంత పీల్చుకుని, మెత్తబడీ మెత్తబడనట్టుగా, పంటికి కాస్త సాగుతూ ఉండాలి. ఆ ‘కొంత’ ఎంత అన్న దగ్గరే కేకు బాగుపడేదీ చెడేదీ.

ముందు రేకుల సంగతి. వాఫెల్ని కోర్జి అన్న పేరుతో గుండ్రంగానో, దీర్ఘచతురస్రంగానో ప్యాకెట్లలో వస్తాయి. రెండు మిల్లీమీటర్ల మందం, మీద గళ్ల గళ్ల అచ్చు, తీపి ఉండదు. అమెరికాలోనో యూరప్‌లోనో ఉన్నవాళ్లు తూర్పు యూరప్ సరుకుల కొట్లో అడిగితే చాలు. సెర్బియా, క్రొయేషియా వాళ్లు ఒబ్లాండె, ఒబ్లాట్నె అని అమ్మేవి కూడా ఇవే, తేడా పెద్దగా లేదు. హైదరాబాద్, విజయవాడల్లో మామూలు కొట్లలో దొరకడం కష్టం. ఆన్‌లైన్‌లో దిగుమతి సరుకు వెతుక్కోవాలి. ఐస్‌క్రీమ్ కోన్ ముక్కలు పనికిరావు, వాటిలో చక్కెర ఎక్కువ, వంగవు, విరుగుతాయి. క్రీమ్ వేఫర్ బిస్కెట్లు కూడా వద్దు, లోపలి క్రీమ్‌తో కలిసి తీపి మీద తీపి అవుతుంది. ఈ కేకులో గుడ్డు లేదు. శాకాహారులు మాత్రం రేకుల ప్యాకెట్ మీద ఒకసారి చూసుకోవాలి. చాలా రేకుల్లో మైదా, నీళ్లు, నూనె, లెసిథిన్, సోడా మాత్రమే ఉంటాయి కానీ, కొన్నిట్లో గుడ్డు సొన పొడి కలుపుతారు.

ప్యాకెట్ విప్పాక రేకులు గాలిలోని తేమను పట్టేస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో వానాకాలం అయితే క్రీమ్ పూర్తిగా సిద్ధమయ్యే దాకా ప్యాకెట్ కత్తిరించకండి. ముందే విప్పి మెత్తబడితే 100 డిగ్రీల ఓవెన్‌లో ఐదు నిమిషాలు పరిచి ఉంచి, బల్లపరుపుగా చల్లారనిస్తే మళ్లీ కరకరలాడతాయి. ఓవెన్ లేనివాళ్లు మెత్తబడిన రేకును అడుగున వాడేసుకోవడం మేలు. పెనం మీద పెడితే మధ్యలో మాడి అంచులు పచ్చిగా మిగులుతాయి.

22 సెంటీమీటర్ల గుండ్రటి రేకులు ఏడు ఉన్నాయనుకుందాం. వాటికి 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్, ఉప్పు లేని వెన్న 200 గ్రాములు, వాల్‌నట్ పప్పు 100 గ్రాములు, చిటికెడు ఉప్పు. కావాలంటే కోకో పొడి రెండు చెంచాలు. ఇంకొకటి కూడా ఉంటే మంచిది: పుల్లటి జామ్ నాలుగు చెంచాలు. ఉక్రెయిన్ వాళ్లు ప్లమ్ పండ్లను గట్టిగా ఉడికించిన పోవిడ్లో గానీ, బ్లాక్‌కరంట్ అనే పుల్లటి నల్ల పండ్ల జామ్ గానీ ఒక వరసలో పూస్తారు. దీన్ని అదనపు సరుకుగా చూడకండి. కండెన్స్‌డ్ మిల్క్‌లో నూటికి 43 నుంచి 45 వంతులు చక్కెరే, అంటే ఒక్క డబ్బాలోనే దాదాపు 180 గ్రాములు. ఆ పులుపు లేకపోతే రెండో ముక్క ఎవరికీ దిగదు.

ఇప్పుడు అసలు పని, పాలు ఉడికించడం. ఉక్రెయిన్‌లో ఉడికించినది డబ్బాల్లోనే దొరుకుతుంది, పైన ‘వరెనె’ అని రాసి ఉంటుంది. అక్కడి వాళ్లు కూడా కొనేముందు పదార్థాల వరస చదువుతారు, ఎందుకంటే చవక రకాల్లో పాల కొవ్వుకు బదులు పామాయిల్ ఉంటుంది. అలాంటిది వెన్నతో సరిగ్గా కలవదు, నాలుక మీద జిడ్డు పొర మిగులుతుంది. పాత పద్ధతిలో అయితే మూసి ఉన్న డబ్బాను కాగితం ఊడదీసి, నీళ్లలో పడుకోబెట్టి, రెండున్నర నుంచి మూడు గంటలు సన్న సెగ మీద ఉడికిస్తారు. నీళ్లు ఎప్పుడూ డబ్బా మీద ఐదు సెంటీమీటర్లు ఉండాలి. తగ్గితే డబ్బా పేలుతుంది, వేడి పాలు వంటింటి కప్పు దాకా ఎగురుతాయి. రింగు పట్టుకుని లాగే మూత ఉన్న డబ్బాలకు ఈ పద్ధతి అసలే వద్దు, ఆ మూత బలహీనం.

మన వంటింట్లో ఇంతకంటే మంచి దారి ప్రెషర్ కుక్కర్. డబ్బా తెరిచి పాలను మూత ఉన్న స్టీలు గిన్నెలో ముప్పావు దాకా పోయండి. మూత పెట్టి కుక్కర్‌లో దించి, గిన్నె సగం ఎత్తు దాకా నీళ్లు పోయండి. మొదటి విజిల్ పెద్ద మంట మీద, ఆ తర్వాత సన్న సెగ మీద 40 నుంచి 45 నిమిషాలు. కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దగ్గరికి పోతుంది కాబట్టి మూడు గంటల పని ముప్పావు గంటలో తెమిలిపోతుంది. ఆవిరి దానంతట అది పోయాకే మూత తీయాలి. గోధుమ రంగులోకి తిరిగి, చెంచాతో ఎత్తితే ధారగా కాక ముద్దగా పడితే సరిపోయింది. రంగు మారేది పాల ప్రొటీన్లు, చక్కెరలు వేడికి కలిసి చర్య జరపడం వల్ల. లేత రంగులోనే దించేస్తే అది పల్చగా ఉంటుంది, ఆ పల్చదనమే తర్వాత రేకును నానబెడుతుంది. వేడిగా ఉండగానే విస్కుతో బాగా గిలకొట్టండి. చల్లారాక ఉండలు విడవవు, జల్లెడ పట్టాల్సి వస్తుంది.

తర్వాత వెన్న. పాలూ వెన్నా రెండూ ఒకే వేడిమిలో, 20 నుంచి 22 డిగ్రీల దగ్గర ఉండాలి. వెన్నను వేలితో నొక్కితే గుంట పడాలి కానీ మెరుస్తూ కారకూడదు. ముందు వెన్న ఒక్కదాన్నే తెల్లబడే దాకా మూడు నాలుగు నిమిషాలు గిలకొట్టి, ఆ తర్వాత పాలను చెంచా చెంచాగా కలపాలి. పాలు గోరువెచ్చగా ఉన్నా వెన్న కరిగి క్రీమ్ జారిపోతుంది. అప్పుడు గిన్నెను ఫ్రిజ్‌లో పావుగంట ఉంచి మళ్లీ కొడితే చాలావరకు తేరుకుంటుంది. దీనికి తలకిందులుగా, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన పాలు వేస్తే వెన్న పలుకులు పలుకులుగా విడిపోతుంది. గిన్నె అడుగును ఒక్క నిమిషం వేడినీళ్ల ఆవిరికి చూపించి కొట్టండి. ఇంట్లో చిలికిన వెన్నలో మజ్జిగ నీళ్లు మిగిలి ఉంటాయి, క్రీమ్ విరుగుతుంది. నెయ్యి అయితే గాలిని పట్టుకోదు, చల్లబడితే పూస కడుతుంది. ఈ ఒక్కచోట కొన్న వెన్నే వాడాలి.

ప్రతి వరసలో క్రీమ్ మీద చల్లడానికి వాల్‌నట్లను దోరగా వేయించి, పప్పు పలుకు కందిగింజలో సగం మించకుండా దంచండి. పెద్ద పలుకులు పైరేకును ఎత్తిపట్టి ఉంచుతాయి. ఆ ఖాళీలో రేకు క్రీమ్‌కు తగలక కరకరలాడుతూ మిగిలి, కోసేటప్పుడు సరిగ్గా అక్కడే చిట్లుతుంది.

రాసేటప్పుడు రేకును చేతిలో పట్టుకుని రాయకండి. చదునైన పలక మీద మొదటి రేకు పెట్టి, 90 గ్రాముల క్రీమ్ వేసి, వెడల్పాటి కత్తితో మధ్య నుంచి అంచులకు లాగండి. గళ్లు నిండాలి, అంచు దాకా పోవాలి. క్రీమ్ మందం రెండు మూడు మిల్లీమీటర్లు. అందరూ చేసే తప్పు అంచులను వదిలేయడం. అక్కడ తడి అందక రేకు ఎండిపోయి ఉంటుంది, కోస్తే పొడిగా రాలుతుంది. రెండో రేకు పెట్టి అరచేతులతో మెల్లగా అద్ది, దాని మీదే మళ్లీ రాయండి. ముందే అన్నిటికీ రాసిపెట్టుకుని తర్వాత పేర్చుదామనుకుంటే కుదరదు. ఒకవైపే తడి తగిలితే ఆ వైపు ఉబ్బి రేకు నిమిషాల్లో వంకర తిరుగుతుంది. జామ్‌ను మూడో వరసలోనో నాలుగో వరసలోనో, క్రీమ్ మీద పల్చగా పూయాలి. నేరుగా రేకు మీదే పూస్తే, జామ్‌లో నీరు ఎక్కువ కాబట్టి, ఆ రేకు ముద్దయిపోతుంది. ఆరు వరసలకు 540 గ్రాములు పోగా మిగిలిన 60 గ్రాములు పక్కలకు పూయడానికి సరిపోతాయి.

బరువు పెట్టకుండా ఈ కేకు కాదు. పేర్చిన వెంటనే పైరేకు అంచులు పైకి లేవడం మొదలవుతుంది, ఎందుకంటే దానికి కింది వైపే తడి తగులుతోంది. పైన బటర్ పేపర్, దాని మీద చదునైన పలక, పలక మీద ముందు అరకిలో బరువు. అరగంట తర్వాత కిలోన్నర నుంచి రెండు కిలోలు, బియ్యం పొట్లాలు బాగా పనికొస్తాయి. మొదటే రెండు కిలోలు పెడితే మెత్తటి క్రీమ్ పక్కల నుంచి బయటికి వచ్చేస్తుంది. ఉక్రెయిన్‌లో రెండు గంటలు గది వేడిమిలోనే వదిలేస్తారు. మన వేసవిలో 35 డిగ్రీలు దాటిన గదిలో అలా వదిలితే వెన్న కరిగిపోతుంది. ఏసీ గదిలోనో, ఫ్రిజ్‌లోనో బరువుతో సహా పెట్టండి, ఫ్రిజ్‌లో అయితే నాలుగు గంటలు. ఆ తర్వాత బరువు తీసేసి, గాలి తగలకుండా చుట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. వేఫర్‌లోకి తడి పాకడానికి ఆ సమయం కావాలి. తొందరపడి రెండు గంటలకే కోస్తే రేకు వేరు, క్రీమ్ వేరుగా తగులుతాయి.

కరకరలాడేదే కావాలనేవాళ్లూ ఉంటారు, తప్పేం లేదు. వాళ్లు నీరు బాగా తక్కువ ఉన్న పూరకం వాడాలి. పొద్దుతిరుగుడు గింజల హల్వా, అంటే మన హల్వాలా తడిగా కాక పొడిపొడిగా ఉండే మిఠాయి, ఉక్రెయిన్ అంతటా దొరుకుతుంది, పొద్దుతిరుగుడు పండించడంలో ఆ దేశానిది ప్రపంచంలోనే ముందువరస. 250 గ్రాముల హల్వాను చిదిమి 150 గ్రాముల మెత్తటి వెన్నతో కలిపి రాస్తే, రేకులు మూడు రోజులైనా మెత్తబడవు.

గలీసియా వంటిళ్లలో ఇంకొక క్రీమ్ ఉంది, కండెన్స్‌డ్ మిల్క్ లేకుండా పాలపొడితో. 200 గ్రాముల చక్కెర, 100 మిల్లీలీటర్ల పాలు, 200 గ్రాముల వెన్న, మూడు చెంచాల కోకో కలిపి ఒక పొంగు రానిచ్చి, వేలు పెట్టగలిగేంత చల్లారాక 250 గ్రాముల పాలపొడి జల్లించి కలపాలి. మరుగుతున్నప్పుడు వేస్తే పొడి ఉండలు కట్టి ఇక కరగదు. ఇది చల్లారేకొద్దీ గట్టిపడుతుంది కాబట్టి గోరువెచ్చగా ఉండగానే గబగబా రాయాలి. మన దగ్గర పాలపొడి ప్రతి కొట్లోనూ దొరుకుతుంది, రుచి కూడా పాలకోవాను ఇష్టపడే నాలుకకు దగ్గర. మొదటిసారి చేసేవాళ్లకు మాత్రం కండెన్స్‌డ్ మిల్క్ క్రీమే నయం, రాయడానికి తీరిక దొరుకుతుంది.

ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదివిన తెలుగు పిల్లల్లో చాలామంది ఈ కేకును అక్కడి సూపర్‌మార్కెట్ అరల్లో చూసే ఉంటారు. కొట్లో దొరికేదానికి చుట్టూ చాక్లెట్ పూత ఉంటుంది, రేకులు కరకరలాడతాయి. ఇంట్లో చేసుకునే మెత్తటిది అది కాదు. ఆ రుచి కోసం వెతికేవాళ్లు పైన చెప్పిన హల్వా పద్ధతిలో చేసి, కరిగించిన డార్క్ చాక్లెట్ 150 గ్రాములు పైన పోసుకుంటే దగ్గరికొస్తుంది.

కోయడానికి రంపపు పళ్ల కత్తి వాడండి. వేడినీళ్లలో ముంచి, తుడిచి, కిందికి నొక్కకుండా ముందుకూ వెనక్కూ లాగుతూ కోయాలి. నొక్కితే పైరేకు విరిగి క్రీమ్ పక్కలకు వస్తుంది. ముక్కలు చిన్నవిగా, మూడు సెంటీమీటర్ల వెడల్పు డైమండ్లుగా కోస్తే చాలు, ఈ తీపికి అంతకంటే పెద్దవి వద్దు. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో ఐదు నుంచి ఏడు రోజులు ఉంటుంది. వెన్న వాసనలు పట్టేస్తుంది, ఉల్లిపాయ ముక్కలూ ఆవకాయ గిన్నే ఉన్న అరలో పెట్టకండి. తినడానికి పావుగంట ముందు బయట పెడితే క్రీమ్ రుచి తెలుస్తుంది.

ప్యాకెట్‌లో ఒకటి రెండు రేకులు విరిగి వస్తూనే ఉంటాయి. విరిగినవాటిని మధ్య వరసల్లో అతికించినట్టు పేర్చేసుకోవచ్చు, నొక్కాక తెలియదు. పైదీ అడుగుదీ మాత్రం మంచివి ఉండాలి. ఇంకా మిగిలిన ముక్కలను నలిపి, పక్కలకు పూసిన క్రీమ్ మీద అద్దండి. అప్పటికీ మిగిలితే ఆ పొడిలో కాస్త క్రీమ్, ఒక చెంచా కోకో కలిపి ఉండలు చేసి, కోకోలో దొర్లించి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.