డాబా మీద 20 మీటర్ల బ్యాండుకు నిలువు యాంటెన్నా: ఇప్పటిదాకా జరిగిన పని

ఔత్సాహికుల హామ్ రేడియోలో 20 మీటర్ల బ్యాండుకు, అంటే తరంగం పొడవు 20 మీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉండే 14 మెగాహెర్ట్జ్ ప్రసారాలకు, నిలువు యాంటెన్నా ఎట్టకేలకు మా డాబా మీద నిలబడింది. ఊరు రాజమహేంద్రవరం. రెండంతస్తుల ఇల్లు, చుట్టూ పిట్టగోడ, దాదాపు డాబా మధ్యకు వచ్చే మెట్ల గది. నా దగ్గరున్నది యూబిటెక్స్ రేడియో. హైదరాబాదుకు చెందిన అష్‌హర్ ఫర్హాన్ రూపొందించిన చవకైన కిట్టు అది. 20 మీటర్ల మీద 10 వాట్లు దాటదు. అంత తక్కువ పవర్‌తో దూరం వెళ్లాలంటే యాంటెన్నా దగ్గర వృథా పోనివ్వకూడదు. అందుకే ఖర్చు ఎక్కడ తగ్గించవచ్చో, ఎక్కడ తగ్గించకూడదో ముందే కూర్చుని తేల్చుకున్నాను.

నిలువు యాంటెన్నాలో పైకి కనిపించే తీగ సగమే. మిగతా సగం దాని అడుగున నాలుగు దిక్కులకూ లాగే రేడియల్స్. పైన తీగలో ఎంత కరెంటు పారితే అంతా అడుగున తిరిగి రావాలి. దానికి మంచి దారి లేకపోతే శ్లాబులోని ఇనుప ఊచల్లో, రేడియో నుంచి వచ్చే కేబుల్ పైపొరలో వెతుక్కుని వేడిగా పోతుంది. తీగను మోసే గెడ ఎంత చవకదైనా ఫరవాలేదు గానీ రేడియల్స్ దగ్గర పొదుపు పనికిరాదని నా గట్టి నమ్మకం. బజారులో దొరికే ఖరీదైన అల్యూమినియం వర్టికల్ కొని, రేడియల్స్ లేకుండా ఇనుప గొట్టానికి బిగించి, ఏమీ వినపడట్లేదని బాధపడే వాళ్లను చూశాక ఆ నమ్మకం ఇంకా బలపడింది.

డైపోల్, అంటే మధ్య నుంచి రెండు వైపులా అడ్డంగా చాచిన తీగ యాంటెన్నా, ఎందుకు వద్దనుకున్నానంటే, 20 మీటర్లకు అది 10 మీటర్ల పొడవుంటుంది, రెండు చివర్లా ఎత్తైన ఆధారం కావాలి. తక్కువ ఎత్తులో కడితే ప్రసారం ఎక్కువగా ఆకాశంలోకే పోతుంది. నిలువు తీగ నేలబారు కోణంలో పంపిస్తుంది, దూరదేశాలకు కావలసింది అదే. ఉదయం పూట 40 మీటర్ల బ్యాండు మీద మన రాష్ట్రం వాళ్లతో, పక్క రాష్ట్రాల వాళ్లతో మాట్లాడుకుంటే చాలనుకునేవాళ్లకు మాత్రం ఇది సరైన ఎంపిక కాదు. వాళ్లు ఇన్వర్టెడ్ వీ, అంటే మధ్యను పైకెత్తి రెండు కొసలనూ కిందికి వాల్చిన డైపోల్, కట్టుకుంటేనే మంచిది.

చోటు ఎంచుకోవడంలో అన్నిటికంటే ముందు చూసింది కరెంటు తీగలు. మా వీధి వైపు 11 కేవీ లైను పోతోంది. గెడ ఏ వైపు పడినా, దాని తాళ్లు తెగినా, తీగ ఊడి గాలికి ఎగిరినా ఆ లైనుకు దరిదాపుల్లోకి రాకూడదు. మెట్ల గది వెనక గోడ దగ్గర ఆ దూరం ఉంది కాబట్టే పని మొదలుపెట్టాను. ఆ దూరం లేని డాబా మీద ఇది కట్టనే కూడదు. నిలబెట్టేటప్పుడు కూడా ఒక్కరే చెయ్యొద్దు, ఇద్దరు ఉండాల్సిందే.

సామాన్ల విషయానికొస్తే, వెదురు అడితిలో 20 అడుగుల గెడ ఒకటి ఏరుకున్నాను. పచ్చిది కాకుండా బాగా ఎండినది, కణుపుల దగ్గర చీలిక లేనిది చూసుకోవాలి. రెండు కోట్లు వార్నిష్ వేసి, కణుపుల మధ్య ఇన్సులేషన్ టేపు గట్టిగా చుట్టాను. ఎండకు చీలకుండా ఆ టేపే కాపాడుతుంది. అడుగున ఐదడుగుల జీఐ పైపు ముక్క. దాన్ని మెట్ల గది గోడకు రెండు యూ క్లాంపులతో బిగించి, గెడ మొదలు అందులోకి రెండడుగుల మేర దించాను. తీగ ఇళ్ల వైరింగుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఎలక్ట్రికల్ షాపులో మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. రేడియో నుంచి యాంటెన్నా దాకా వెళ్లే కేబుల్ ఆర్‌జీ-58 రకం, 18 మీటర్లు. ఇవి కాక కనెక్టర్లు, నైలాన్ తాడు, స్టెయిన్‌లెస్ బోల్టులు, చిన్న ప్లాస్టిక్ జంక్షన్ బాక్సు. అన్నీ కలిపి రెండు వేల చిల్లర అయ్యింది. అందులో వైరుకూ కేబుల్‌కే సగం పైన పోయింది.

ఆర్‌జీ-58 సరిపోతుందా అని చాలామందికి అనుమానం. 14 మెగాహెర్ట్జ్ దగ్గర 18 మీటర్లకు పోయేది సుమారు ఒక డెసిబెల్. పది వాట్లు పంపితే ఎనిమిది దాకా పైకి చేరతాయి. అదే కేబుల్ 144 మెగాహెర్ట్జ్ దగ్గరైతే సగానికి పైగా మింగేస్తుంది. హెచ్ఎఫ్‌కు, అంటే 30 మెగాహెర్ట్జ్ లోపు షార్ట్‌వేవ్‌కు, మాత్రం దీనికోసం ఖరీదైన కేబుల్ కొనక్కర్లేదు. కేబుల్ టీవీ వాళ్ల ఆర్‌జీ-6 కూడా పని చేస్తుంది, కాకపోతే దాని అల్యూమినియం అల్లికకు సోల్డరింగ్ అంటదు, ఎఫ్ కనెక్టర్లు వాడాలి.

జీఐ పైపు పైకొస దగ్గర, శ్లాబు నుంచి 2.8 మీటర్ల ఎత్తులో జంక్షన్ బాక్సు పెట్టాను. అక్కడి నుంచి ఒక తీగ గెడ వెంట పైకి, నాలుగు రేడియల్స్ నాలుగు వైపులకూ. రేడియల్ కొసలకు నైలాన్ తాడు కట్టి పిట్టగోడ కొక్కేలకు లాగాను. కొసలు ఆరున్నర అడుగుల ఎత్తులో ఆగాయి. బట్టలు ఆరేసుకోవడానికి, వడియాలు పెట్టుకోవడానికి డాబా మీదికి మనుషులు వస్తూనే ఉంటారు కాబట్టి ఈ ఎత్తు ముఖ్యం. ప్రసారం జరిగేటప్పుడు వోల్టేజీ ఎక్కువగా ఉండేది రేడియల్ కొసల దగ్గరే, తాకితే చెయ్యి చురుక్కుమంటుంది.

ఎందుకు పైకి లేపానో కూడా చెప్పాలి. రేడియల్స్ శ్లాబు మీదే పరిస్తే పదహారో అంతకంటే ఎక్కువో పరవాలి. పైకి లేపి, కచ్చితంగా పావు తరంగం పొడవుకు కోస్తే నాలుగుతోనే పని జరుగుతుంది. వైరు ఖర్చు అలా ఆదా అయింది.

ఇక ట్యూనింగ్. పావు తరంగం లెక్క తేలికే: 71.3ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లు వస్తాయి. నాకు కావలసిన 14.15కి 5.04 మీటర్లు. కానీ ఈ సూత్రం ఉత్త తీగకు. పీవీసీ తొడుగున్న వైరులో తరంగం కాస్త నెమ్మదిస్తుంది, కాబట్టి చివరికి పొడవు ఇంకా తగ్గుతుంది. ఎంతన్నది తొడుగు మందాన్ని బట్టి ఉంటుంది. అందుకని అయిదు తీగలనూ 5.20 మీటర్లకే కోసి, యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీకి కుదిరిందో తెర మీద చూపించే నానోవీఎన్ఏ అనే చిన్న పరికరం కేబుల్‌ని నేరుగా జంక్షన్ బాక్సు దగ్గరే పెట్టి చూశాను. తెర మీద గీత 13.40 దగ్గర లోయలా దిగింది, అంటే అప్పటికి ఆ ఫ్రీక్వెన్సీకి కుదిరిందన్నమాట. 5.20ని 13.40తో గుణించి 14.15తో భాగిస్తే 4.92. అన్నిటినీ ఆ పొడవుకు తెచ్చాను. కత్తిరించకుండా, మిగిలిన 28 సెంటీమీటర్లను వెనక్కి మడిచి అదే తీగకు చుట్టేశాను. రేపు వానలో తడిసి ఫ్రీక్వెన్సీ జరిగితే మళ్లీ సరిచేసుకోవచ్చు. ఈ బ్యాండులో నిలువు తీగనూ రేడియల్స్‌నూ కలిపి ఒక్కో సెంటీమీటరు మారిస్తే సుమారు 29 కిలోహెర్ట్జ్ జరుగుతుందని గుర్తుంచుకుంటే పని వేగంగా సాగుతుంది.

యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే అంకె ఎస్‌డబ్ల్యూఆర్, 1 అయితే ఏమీ రానట్టు. మాది 14.15 దగ్గర 1.3, బ్యాండు అంచుల్లో 1.5 లోపు. రేడియో, కేబుల్ 50 ఓమ్‌లకు చేసినవి. రేడియల్స్ అడ్డంగా ఉన్న ఈ రకం యాంటెన్నా సహజంగానే 36 ఓమ్‌ల దగ్గర ఉంటుంది, కిందికి 45 డిగ్రీలు వాలిస్తేనే 50కి వస్తుంది. ఆ 1.3ని 1 చెయ్యాలని పట్టుబట్టక్కర్లేదు, పోయే పవర్ లెక్కలోకి రాదు. అసలు ఎస్‌డబ్ల్యూఆర్ తక్కువ ఉండటమే మంచి యాంటెన్నాకు రుజువు కాదు. రేడియల్స్ సరిగా లేనప్పుడు ఆ నష్టం కూడా కలిసి 50 ఓమ్‌లు కనిపించవచ్చు.

బాక్సు కిందే చోక్, అంటే కేబుల్ పైపొర మీద పారే కరెంటును ఆపే చుట్ట, పెట్టాను: నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క మీద అదే కేబుల్ 12 చుట్లు, పక్కపక్కనే. ఇది లేకపోతే కేబుల్ పైపొర అయిదో రేడియల్ అయిపోయి, ఇంట్లోని కరెంటు సామాన్ల రేడియో గోల అంతా యాంటెన్నాలోకి మోస్తుంది. పని చేస్తోందో లేదో చూడటానికి చిన్న పరీక్ష ఉంది. రేడియో గదిలో నానోవీఎన్ఏ పెట్టి, చోక్ కింది కేబుల్‌ని చేత్తో పట్టుకుని, వదిలి చూడాలి. తెర మీద గీత కదలకపోతే చోక్ మంచిదే. మాది కదల్లేదు.

నిలువు యాంటెన్నాకు ఇరుగుపొరుగు గోల ఎక్కువ తగులుతుంది, అది ఒప్పుకోవాల్సిన సంగతి. రేడియోని బ్యాటరీ మీద పెట్టి ఇంటి మెయిన్ ఆఫ్ చేశాను, గరగర సగానికి సగం తగ్గింది. ఒక్కో ఎంసీబీ వేసుకుంటూ పోతే మెట్ల మీది చవక ఎల్ఈడీ బల్బు, ఒక ఫోన్ చార్జరు దొరికాయి. రెండూ మార్చాం. మిగిలింది వీధిలోంచి వచ్చేది, దానికి రాత్రి పది దాటాక వినడమే మార్గం.

పక్కింటి బాబాయిగారు పిట్టగోడ మీంచి చూసి, “ఏంటయ్యా, పిడుగు దీన్ని పట్టుకోదా?” అని అడిగారు. మంచి ప్రశ్నే. ఉరుము వినపడేలోపే కేబుల్ విప్పి కిటికీ బయట పెట్టేస్తాను, గోదారి గాలి మొదలైతే రేడియో జోలికే పోను. జీఐ పైపుకు విడిగా ఎర్తు కట్టాను, అయినా నేరుగా పిడుగు పడితే ఆ ఎర్తు ఆపలేదు. అదే ఆయనకూ చెప్పాను.

సాయంత్రం ఆరు దాటాక 14.074 మీద ఎఫ్‌టీ8తో, అంటే బలహీనమైన సిగ్నల్‌ను కూడా పట్టుకునేలా కంప్యూటరుతో పంపే చిన్న సందేశాలతో, పిలిస్తే, ఎవరు విన్నారో చూపించే పీఎస్‌కే రిపోర్టర్ మ్యాపులో యూరప్ చుక్కలు వరసగా పడ్డాయి, ఇండోనేసియా, జపాన్ కూడా వచ్చాయి. గొంతుతో ఇంకా కష్టమే, కానీ బ్యాండు బాగా తెరుచుకున్న సాయంత్రాల్లో జవాబులు వస్తున్నాయి.

తీగలన్నీ బోల్టులతో విడదీసేలా పెట్టడానికి ఒక కారణం ఉంది. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాదులోని హామ్ రేడియో సంస్థ ఎన్‌ఐఏఆర్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో) బృందం హామ్ ప్రసారాల కోసం వెళ్లి పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉంది. ఫోన్లు పడిపోతే అక్కడి కబుర్లను హామ్ రేడియో మీద బయటికి చేరవేసింది. తుఫాన్ల తీరంలో ఉండేవాళ్లం మనం. ఈ తీగల చుట్ట, చోక్, కేబుల్ ఒక సంచిలో పడతాయి, ఏ ఊళ్లో అయినా వెదురు గెడ దొరుకుతుంది.

తర్వాతి పని 40 మీటర్ల బ్యాండు. అదే లెక్కన 9.8 మీటర్ల తీగ కావాలి, మొదట 10.3కి కోస్తాను. గెడ ఎత్తు చాలదు గనక కొస దాకా ఎక్కించి, మిగిలినది అడ్డంగా వెనకింటి వైపు కొబ్బరిచెట్టుకు తాడుతో లాగుతాను, చెట్టు వాళ్లు సరేనన్నారు. ఇప్పుడున్న తీగకు బోల్టు దగ్గరే కలిపి, రెండు పొడవాటి రేడియల్స్ పిట్టగోడ పైన వంపు తిప్పి కడతాను. ఒకటి చేరిస్తే రెండోదాని ఫ్రీక్వెన్సీ జరుగుతుంది కాబట్టి 20 మీటర్లను కూడా మళ్లీ కొలవాలి. వైరు తెచ్చి పెట్టాను, వానలు పట్టుకునేలోపు కట్టేస్తాను.